మా పెళ్ళి చెల్లుతుందా లాయరమ్మా

నేను గెలిచిన కేసుల గురించి రాయమని కొత్తగా నల్లకోటు వేసుకున్న పిల్లలు కొందరు అడిగారు. రాయను. గెలిచిన కేసుల గురించి ప్రతి లాయరూ చెప్పుకుంటూనే ఉంటాడు. నావాటిలో కొన్నయితే అవతలి లాయరు వాయిదాలకి సరిగ్గా రాకపోవడం వల్ల గెలిచినవి. అందులో నా గొప్పేమీ లేదు.

ప్రాక్టీసు మానేసి సీతమ్మధారలో ఇంటిపట్టున ఉంటున్నాక, నేను చేసిన పని అసలేమిటని ఆలోచిస్తే కోర్టు హాలు గుర్తుకు రావడం లేదు. మల్కాపురంలో ఒక కమ్యూనిటీ హాలు పక్కనున్న చిన్న గది గుర్తొస్తోంది. ప్రతి శనివారం అక్కడ కూర్చుని, ఎవరేమడిగినా ఫీజు లేకుండా జవాబు చెప్పేదాన్ని. ఒక టేబులు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, గొణుక్కుంటూ తిరిగే ఫ్యాను. గాలి రిఫైనరీ వైపు నుంచి మళ్ళితే కిటికీ మూసేవాళ్ళం, అప్పుడు ఉక్కపోతతో చచ్చేవాళ్ళం. నాకు తెలిసిన న్యాయశాస్త్రంలో పనికొచ్చేదంతా ఆ ఉక్కలోనే నేర్చుకున్నాను.

వచ్చేవాళ్ళు అడిగేవి

పోర్టులో పనిచేసేవాళ్ళు, స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్ళేవాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు, ఆటోలు నడిపేవాళ్ళు వచ్చేవారు. అడిగేవి దాదాపు ఎప్పుడూ అవే. “నోటరీ చేయించాం కదా, ఇల్లు మా పేరున అయిపోయినట్టే కదా?” కాదు. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది గానీ ఇంటిని ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకి మార్చదు. దానికి రిజిస్ట్రేషనే కావాలి. “తెల్లకాగితం మీద వీలునామా రాస్తే చెల్లుతుందా?” చెల్లుతుంది. స్టాంపు కాగితం అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు ఉండాలి, ఆస్తి దక్కేవాళ్ళని మాత్రం ఆ సాక్షుల్లో పెట్టకండి. “మా అమ్మాయి సాక్ష్యం చెప్పాలి, స్టేషన్‌కి రమ్మంటున్నారు.” ఆడవాళ్ళని సాక్షులుగా విచారించాలంటే పోలీసులే ఇంటికి రావాలి. ఆ మాట గౌరవంగానే చెప్పండి, కానీ చెప్పండి. ఇక లాయరుని పెట్టుకునే స్తోమత లేదని ఏడ్చే ఆడవాళ్ళకి నేను మొదట చెప్పేది ఒకటే. ఉచిత న్యాయ సహాయం అడగడానికి ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేదు, ఆడదై ఉంటే చాలు.

ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. రూల్స్ మారుతూ ఉంటాయి, చెప్పేముందు మీరూ ఒకసారి చూసుకోండి. పుస్తకంలో లేనిది ఇంకొకటుంది. జనం అసలు ప్రశ్న ముందు అడగరు. చిన్న ప్రశ్న ఒకటి ముందుకు తోసి, మన మొహం చూస్తారు. మనం విసుక్కోకపోతే అప్పుడు అసలుది బయటపెడతారు. చిన్న ప్రశ్నకే చకచకా జవాబు చెప్పి పంపించేసే లాయర్లని చాలామందిని చూశాను. వాళ్ళు తెలివైనవాళ్ళే, కానీ వాళ్ళ దగ్గరికి ఎవరూ రెండోసారి రారు.

మా సీనియర్ గారి పద్ధతి

ఆ గదికి నన్ను మొదట తీసుకెళ్ళింది మా సీనియర్ గారు. ఆయనకి ముక్కు మీదే కోపం. జడ్జి మీద కూడా చూపించేవాడు, ఆ నష్టం మేమంతా పంచుకునేవాళ్ళం. కానీ మల్కాపురం గదిలో మాత్రం వచ్చినవాళ్ళ దగ్గర గొంతు పెంచేవాడు కాదు. జవాబు చెప్పాక ప్రతి మనిషినీ ఆపి, “ఇప్పుడు నేను నీకేం చెప్పానో నువ్వు నాకు చెప్పు” అనేవాడు. మొదట్లో నాకది బడిపిల్లల్ని అప్పజెప్పమన్నట్టు ఉండేది.

ఎందుకని అడిగితే తన అనుభవమే చెప్పాడు. ఒకప్పుడు అద్దెకుండే ఆటో డ్రైవరు వస్తే, “కోర్టు ఉత్తర్వు లేకుండా నిన్ను ఖాళీ చేయించలేరయ్యా” అని చెప్పి పంపించాడట. ఆ మనిషి ఇంటికెళ్ళి వీధి మధ్యలో నిలబడి, నన్నెవడూ కదపలేడని ఇంటాయనకి చెప్పి, అద్దె ఇవ్వడం మానేశాడు. ఇంటాయన కోర్టుకెళ్ళాడు. సమన్లు వస్తే ఇతను తీసుకోలేదు, తనని ఎవడూ కదపలేడు కదా. చివరికి సామాను ఆటోలో వేసుకుని ఇదే గది ముందుకొచ్చి ఆపాడు. “నేను చెప్పింది తప్పు కాదు, కానీ సగమే పట్టుకెళ్ళాడు, తనకి కావలసిన సగం. మిగతా సగం నా బల్ల మీదే ఉండిపోయింది” అన్నాడు సీనియర్ గారు.

అప్పట్నుంచి నేనూ అదే చేశాను. నా జూనియర్లు గొణుక్కునేవారు, టైము వేస్టని. అనుకోనీ.

గుడి పెళ్ళి

ఇప్పుడు అప్పలనాయుడి సంగతి. ఆయనా ఆయన భార్యా తమ సంగతి పదిమందికీ చెప్పుకున్నారు కాబట్టీ, పేర్లు మార్చాను కాబట్టీ రాస్తున్నాను.

ఆయనది సబ్బవరం పక్క ఊరు, వ్యవసాయ కుటుంబం. ఓడల దగ్గర క్రేను నడిపే పనిలో ఒక కాంట్రాక్టరు కింద చేరి, అక్కడే రిటైరయ్యాడు. మల్కాపురంలో రెండు గదుల సొంత ఇల్లుంది. పిల్లలు లేరు. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నాడు. నా ముందు కూర్చున్నప్పుడు, డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యిని ఒడిలో ఏదో పరాయి వస్తువులా పెట్టుకున్నాడు.

“అమ్మా, మాయావిణ్ణి నామినీగా పెడితే సాలా?” అనడిగాడు.

అది చిన్న ప్రశ్న. చాలాచోట్ల నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే, వారసుడని కాదు, ఇంటికి వీలునామా రాయండి అని చెప్పాను. చెప్పింది తిరిగి చెప్పించుకున్నాను. సరిగ్గానే చెప్పాడు. అయినా లేవలేదు.

“ఇంకేమిటి నాయుడు గారూ?”

“నాను పోతే మాయావిడికి పింఛను రావాలంటే పెల్లి సర్టిఫికెట్టు అడుగుతున్నారు. రిజిస్ట్రారాఫీసుకి ఎల్తే ఇవ్వనన్నారు. మా పెల్లి సెల్లదంట. మా పెల్లి సెల్లుద్దా లాయరమ్మా?”

పెళ్ళి ఎక్కడ జరిగిందని అడిగాను. సింహాచలం కొండ మీద, దేవుడి ముందు, ఇద్దరివైపు పెద్దలూ ఉండగా జరిగిందన్నాడు. భార్య పేరడిగాను. రూతమ్మ అన్నాడు. అప్పుడు నాకు విషయం అర్థమైంది.

రూతమ్మ పుట్టుకతో క్రైస్తవురాలు. మతం మారలేదు, ఆయన మారమననూ లేదు. శనివారం ఈయన గుడికి, ఆదివారం ఆవిడ చర్చికి. మన ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు కోకొల్లలు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. కానీ హిందూ పద్ధతిలో జరిగిన పెళ్ళి హిందూ వివాహ చట్టం కింద నిలవాలంటే ఇద్దరూ హిందువులే అయ్యుండాలి. అదే జంట, అదే ఏడాది, లైసెన్సున్న పాస్టరు ముందు చర్చిలో చేసుకుని ఉంటే నిక్షేపంగా చెల్లేది. ఒకరు క్రైస్తవులైతే ఆ చట్టానికి చాలు. ఎవరూ అడగనంతకాలం ఇది ఎవరికీ పట్టదు. అడిగేది సాధారణంగా మనిషి పోయాక, గుమ్మంలో నిలబడి.

ఆఫీసు బయట అర్జీలు రాసే మనిషి ఒకడు ఈయనకి సులువైన దారి చెప్పాడట. ఆవిణ్ణి హిందువని రాసెయ్యండి, సాయంత్రానికి సర్టిఫికెట్ చేతిలో ఉంటుందని. రూతమ్మ ఒప్పుకోలేదు. “ఏసుప్రభువు ముందు సిగ్గుపడి బతకలేను” అందట.

నేనూ వద్దన్నాను. అబద్ధపు డిక్లరేషన్ మీద తెచ్చిన కాగితం ఎప్పుడైనా చిరిగిపోతుంది. సరైన దారి ఒకటుంది. ఏ పద్ధతిలోనైనా పెళ్ళి తంతు జరిగి, అప్పట్నుంచీ భార్యాభర్తలుగా కలిసి ఉన్నవాళ్ళు, ఆ పెళ్ళిని ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించుకోవచ్చు. కాకపోతే ఆఫీసు బోర్డు మీద నెలరోజులు నోటీసు ఉంటుంది. అభ్యంతరాలు లేకపోతే ముగ్గురు సాక్షుల సంతకాలతో సర్టిఫికెట్ ఇస్తారు. ఆ రోజు నుంచే చట్టం లెక్కలో పెళ్ళి.

ఆయన అంతా విని, “మీరే మాయావిడికి సెప్పండమ్మా. నాను సెప్పలేను” అన్నాడు.

“నేను చెబుతాను, కానీ మీరు పక్కన కూర్చోవాలి. అయినా వీలునామాతో ఇల్లు ఆవిడకి దక్కుతుంది. పింఛను ఎంతో లేదంటున్నారు. ఈ ఒంటితో ఇంత తిరగడం అవసరమా?”

“పింఛను మాట కాదమ్మా. నాను పోయాక దాన్ని ఎవుడైనా నువ్వెవులివని అడిగితే? ఆ మాట పడినప్పుడు నాను ఉండను కదా.”

రూతమ్మ

తర్వాతి శనివారం ఇద్దరూ వచ్చారు. ఆవిడ సన్నగా, నిటారుగా ఉంది. మెడలో పసుపుతాడు, దానికి రెండు పుస్తెలు, వాటి మధ్య చిన్న సిలువ. చెప్పాల్సిందంతా చెప్పాను. ఏదీ మెత్తగా చుట్టి చెప్పలేదు. మెత్తగా చెబితే ఎదుటివాళ్ళ బాధ తగ్గదు, మన బాధ తగ్గుతుంది. అలవాటు ప్రకారం తిరిగి చెప్పమన్నాను.

“సెప్తాను ఇనండి. గుల్లో కట్టిన తాళి దేవుడికి సరిపోయింది గానీ గవర్నమెంటుకి సరిపోనేదు. అబద్దం రాత్తే ఇయ్యాలే కాయితం ఇత్తారు. నిజం రాత్తే మా ఫొటోలు నెలరోజులు గోడకి ఏలాడదీత్తారు. దాన్ని ఎవుడో సెల్లుతో తీసి వాట్సాప్‌లో ఎట్టేత్తాడు. కాయితం మీద తేదీ ఈ ఏడాదిది ఉంటాది. అంతేనా?”

“అంతే.”

“అయితే ఇన్నాళ్ళూ నాను ఏటి?”

ఎంతోమంది జడ్జీలు నన్ను ఎన్నో అడిగారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. “చట్టంలో దానికి మాట లేదమ్మా. ఊళ్ళో ఉంది, భార్య అని” అన్నాను.

“ఊల్లో మాటకి సంతకం ఎవులు పెడతారు?” అని లేచింది. “నాకొద్దు. పింఛను కోసం నా తాళిని గోడకి కొట్టనివ్వను. ఇన్నేల్లూ సర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకున్నాను. పెల్లి కాకుండా కాపరం సేసినోళ్ళకి అది ఇవ్వరు. ఇప్పుడు ఎల్లి ఏటని సెప్పాలి?”

అప్పలనాయుడు ఆవిడ వెనకే మెల్లగా లేచాడు. వెళ్తూ నాకు దణ్ణం పెట్టాడు. నాకు కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు. పరువుగా బతికిన ఆడమనిషి మొహం మీద ఇంత మాట అనాల్సి వచ్చిన ఉద్యోగం మీద వచ్చింది. ఈ నోటీసు పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. మోసాలు ఆపడానికి పెట్టామంటారు. నేను చూసినంతలో అది మోసగాళ్ళని ఆపలేదు, మొహమాటస్తుల్ని ఆపింది. అయినా చట్టం మారేదాకా ఉన్నదాంతోనే పని నడపాలి.

ఇక్కడ మీకో మాట. క్లయింటు వద్దంటే వద్దు. నేను ఫోన్ చేసి బతిమాలలేదు. బతిమాలి ఒప్పిస్తే ఆ నిర్ణయం మనదవుతుంది, దాని బరువు మాత్రం వాళ్ళు మొయ్యాలి.

అన్నగారు

కొన్ని వారాల తర్వాత భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన వచ్చాడు. తను అప్పలనాయుడి అన్న సత్తినాయుడినని చెప్పాడు.

“మా తమ్ముడు పెల్లి సెల్లదని మీరన్నారంట. నిజవేనేటమ్మా?”

“కూర్చోండి. నేను వాళ్ళ లాయర్ని. వాళ్ళతో మాట్లాడింది మీకు చెప్పకూడదు. మీకు సలహా కావాలంటే వేరే లాయరు పేరు చెబుతాను.”

ఇంటి కోసమే వచ్చాడనుకున్నాను. తమ్ముడికి పిల్లల్లేరు. భార్య భార్య కాకపోతే, వీలునామా కూడా లేకపోతే, ఆ ఇల్లు ఎటు పోతుందో నాకు తెలుసు, ఈయనకీ ఎవరో చెప్పే ఉంటారనుకున్నాను. ఏళ్ళ తరబడి ఈ వృత్తిలో ఉంటే మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే మనకి ఆస్తి వాసన కొడుతుంది. అదొక జబ్బు, మీకూ వస్తుంది.

ఆయన లేవలేదు. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మీరేటీ సెప్పొద్దులెండి. నాను సెప్పింది ఇనండి. అప్పట్లో వాల్లు సర్చిలో సేసుకుంతామన్నారు. పాస్టరు కూడా ఒప్పుకున్నాడు. నానే అడ్డం పడ్డాను. కొండ మీద దేవుడి ముందు తాళి కడితేనే పెల్లి, నేకపోతే మా గడప తొక్కనివ్వనన్నాను. ఆ పిల్ల ఒక్క మాట అననేదు, వచ్చి తల వంచింది. నా మాట ఇన్నందుకే ఇప్పుడది పెల్లాం కాకుండా పోతాదేటి?”

నేను అనుకున్నదానికి నాకే సిగ్గేసింది. “సత్తినాయుడు గారూ, ఇది నన్ను అడగాల్సింది కాదు. అడగాల్సిన మనిషి ఇక్కడికి నాలుగు వీధుల అవతల ఉంది” అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత జరిగింది మరుసటి శనివారం రూతమ్మ వచ్చి చెబితేనే తెలిసింది.

“బావగారు వచ్చి మెట్టు మీద కూకున్నారు. లోపలికి రమ్మంటే రానేదు. నీ గడప తొక్కే మొకం నాకు నేదమ్మా అన్నారు. టీ ఇచ్చాను, తాగేరు. తాగీసి, బోర్డు మీద నీ ఫొటో ఎడితే దాని పక్కన నాను నిలబడతాను, ఎవుడేటి అడుగుతాడో సూత్తాను అన్నారు.” టేబులు మీది కాగితం నా వైపు జరిపి, “అర్జీ రాయండమ్మా. మతం దగ్గర క్రిస్టియన్ అనే రాయండి” అంది.

నోటీసు బోర్డు

నిలబడతానన్న మనిషి నిజంగానే నిలబడ్డాడు. తమ్ముణ్ణి డయాలసిస్‌కి తీసుకొచ్చిన రోజుల్లో, ఆస్పత్రిలో దింపేసి రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళేవాడు. అక్కడి గుమస్తా నాకు ఫోన్ చేశాడు. “మేడమ్, మీ పార్టీ తాలూకు పెద్దాయనట, బోర్డు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతున్నాడు. పంపించెయ్యమంటారా?”

“గొడవ చేస్తున్నాడా?”

“లేదండీ. కుర్చీ ఇస్తే వద్దంటున్నాడు.”

ఒకరోజు వేరే పని మీద వెళ్ళి నేనే చూశాను. బోర్డు నిండా ఇరవైలూ పాతికలూ దాటని పిల్లల ఫొటోలు, మధ్యలో అప్పలనాయుడూ రూతమ్మా. కాలేజీ కుర్రాళ్ళిద్దరు చూసి నవ్వుకుంటున్నారు. “ఏటి తాతా, ఈ వయసులో పెల్లేటి?” అన్నాడొకడు.

“పెల్లి ఎప్పుడో అయిపోనాది బాబూ, నానే దగ్గరుండి సేయించాను. గవర్నమెంటోళ్ళకి ఇప్పుడు తెలిసింది” అన్నాడు సత్తినాయుడు.

కుర్రాళ్ళ నవ్వు ఆగిపోయింది. నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. కాగితాలూ సెక్షన్లూ ఎన్ని చదివినా ఆ ముసలాయన చెప్పినంత సూటిగా ఆ సెక్షన్ని నేను ఎవరికీ చెప్పలేదు.

అభ్యంతరాలు రాలేదు. వానలు మొదలయ్యాయి. రిజిస్ట్రేషన్ రోజున అప్పలనాయుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టే లోపలికి తీసుకొచ్చారు. ఆఫీసరు పద్ధతి ప్రకారం ఇద్దరికీ ఇష్టమేనా అనడిగాడు.

“దాన్నడగండి. నాకు ఎప్పుడూ ఇష్టమే” అన్నాడాయన.

“ఇప్పుడు కాదంటే మల్లీ నెల ఆగాలి కాదేటి” అని సంతకం పెట్టింది ఆవిడ. ఆఫీసరు కూడా నవ్వాడు. సాక్షుల్లో మొదటి సంతకం సత్తినాయుడిది. ఆ సంతకంతో ఆ ఇంటి మీద తనకి రాగలిగిన ఆశేదైనా ఉంటే చాలావరకు పోతుందని ఆయనకి తెలుసు. వేలిముద్ర వెయ్యొచ్చని గుమస్తా అంటే వినకుండా, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పేరంతా రాశాడు.

ఆవిడ అడిగిన చివరి ప్రశ్న

వానలు వెనకబడుతున్న రోజుల్లో అప్పలనాయుడు పోయాడు. పింఛను ఆఫీసులో సర్టిఫికెట్ చూపిస్తే పని జరిగిపోయింది. నువ్వెవరివని ఎవరూ అడగలేదు. ఆయన భయపడింది జరగలేదు. నా వరకు అది చాలనుకున్నాను.

కొన్నాళ్ళకి ఒక శనివారం రూతమ్మ ఒక్కర్తే వచ్చింది. వచ్చినవాళ్ళందరూ వెళ్ళేదాకా చివరి కుర్చీలో కూర్చుంది. సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో తెచ్చుకుంది. పింఛనాఫీసులో అమ్మాయి ఆ తేదీ చూసి, అయ్యో, పెళ్ళయి ఎన్నాళ్ళో కాలేదే అని జాలిపడిందట.

“ఏటనాలో తెలీక తలూపీసాను” అంది. “ఒకటి అడుగుతాను, నిజం సెప్పండి. మీ సట్టం లెక్కలో నాను ఆయనతో ఎన్నాళ్ళు కాపరం సేసినట్టు?”

అబద్ధం చెబుదామనిపించింది. తేదీలదేముంది, మనసు ముఖ్యం అని ఏదో అనొచ్చు. కానీ ఈవిడ అబద్ధం రాసి తేలిగ్గా కాగితం తెచ్చుకోగలిగీ తెచ్చుకోని మనిషి.

“ఒక్క వానాకాలం, అమ్మా” అన్నాను.

ఆవిడ ఆ కవరు మీద అరచెయ్యి ఆనించింది. ఏడవలేదు. తర్వాత లేచి చెంగు సర్దుకుంది.

“మీ లెక్కలో సాల్నేదు. నా లెక్కలో అన్నేల్లూ సాల్నేదమ్మా” అంది.